తెర నల్లన, వైఫై సున్న

లాప్‌టాప్‌లో లినక్స్ సాఫీగా నడిపించడం ఎలాగో చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. నడవకుండా చూసుకోవడం ఎలాగో చెప్పే నాథుడు లేడు. పదిహేనేళ్లుగా ఆ విద్యలో నలిగినవాణ్ని నేను. మా కాలనీలో ఏ పిల్లాడు లినక్స్ వేసుకున్నా ముందు నా దగ్గరికే వస్తాడు, ఆ తర్వాతే రిపేరు షాపుకు వెళ్తాడు. ఆ రెంటికీ మధ్య నేను చేసేదేమిటో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. వయసు మీద పడుతోంది, విద్య నాతో పోకూడదని రాస్తున్నాను.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. లినక్స్‌ను పడగొట్టడం అంత తేలిక కాదు. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ సరదాకి మొదలెట్టిన కెర్నల్ అది. ఇవాళ మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోను దాని మీదే నడుస్తోంది. ప్రపంచంలోకెల్లా వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా తీస్తే, 2017 నవంబరు నుంచి ఐదు వందలకు ఐదు వందలూ లినక్స్‌వే. అంతటి గట్టిపిండాన్ని మన ఇంట్లో, డైనింగ్ టేబుల్ మీద, నలభై వేల రూపాయల లాప్‌టాప్‌లో కూలబెట్టాలంటే ఎంత నేర్పు కావాలో ఆలోచించండి.

మన అదృష్టం కొద్దీ దానికి రెండు ఆయువుపట్లు ఉన్నాయి. ఒకటి గ్రాఫిక్స్, రెండోది వైఫై. కీబోర్డు, డిస్కు లాంటివి అందరూ ఒప్పుకున్న పద్ధతిలో మాట్లాడతాయి, వాటి దగ్గర మన పప్పులు ఉడకవు. ఈ రెండు చిప్పులకు మాత్రం ఏ కంపెనీ భాష ఆ కంపెనీదే. ఆ భాష తెలిసిన డ్రైవర్ కావాలి. డ్రైవర్ ఉన్నా, చాలా చిప్పులు కళ్లు తెరవాలంటే కరెంటు రాగానే వాటి చెవిలో ఫర్మ్‌వేర్ అనే మంత్రం ఊదాలి. రెండింట్లో ఏ ఒక్కటి తప్పినా మన పని నెరవేరినట్టే.

ఈ విద్య మొత్తానికి మూలసూత్రం ఒక్కటే: తెర మీద ఏం రాసి ఉన్నా చదవకూడదు. నా వెనక నిలబడి "ఏమండీ, అక్కడేదో రాసుంది చూడండి" అంటూనే ఉంటుంది మా ఆవిడ. పాలవాడి లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ అన్నీ గోడ క్యాలెండరు గళ్లలో రాసుకునే మనిషి. ఆమెకు రాసి ఉన్నదల్లా చదవాల్సిందే అనిపిస్తుంది. మీరు మాత్రం చలించకండి.

చిట్కా 1: చిప్పు పేరు అడగొద్దు

కొనేటప్పుడు రంగు చూడండి, బరువు చూడండి, ఊరికే ఇచ్చే సంచీ చూడండి. లోపలున్న వైఫై చిప్పు ఎవరిదని మాత్రం అడక్కండి. విండోస్ లేకుండా ఫ్రీడాస్‌తో వచ్చే 'డాస్ లాప్‌టాప్' నాలుగు డబ్బులు తక్కువకు దొరుకుతుంది కనుక అది లినక్స్ కోసమే పుట్టిందని నమ్మండి. విండోస్‌కు కట్టాల్సిన డబ్బు కట్టలేదన్నదే దాని అర్థమని, లినక్స్ వేసి చూశారని కాదని ఎవరైనా అంటే వినకండి.

ఒకే మోడల్ పేరుతో అమ్మే లాప్‌టాప్‌ల లోపల ఒకదాంట్లో ఇంటెల్ వైఫై కార్డు, ఇంకోదాంట్లో రియల్‌టెక్ కార్డు ఉండొచ్చు. అట్టపెట్టె మీది పేరు నమ్ముకుంటే ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ అనే యూఎస్‌బీ డాంగిల్ చాలు. దాని మొదటి వెర్షన్‌లో ఎథెరోస్ చిప్పు ఉండేది, లినక్స్‌లో పెట్టగానే పలికేది. రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ చిప్పు వచ్చింది. పేరు అదే, ఆకారం అదే, లోపలి మనిషి మాత్రం వేరు. మొదటిదాని మీద పొగడ్తలు విని రెండోది కొనుక్కొచ్చినవాళ్లు మన సంఘంలో గౌరవ సభ్యులు.

టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌పీసీఐ' అని, పక్కన గీత పెట్టి 'ఎన్ఎన్‌కే' అని కొడితే యంత్రం తన ఒంట్లో ఏమేం ఉన్నాయో తానే ఏకరువు పెడుతుంది. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరస కింద, దాన్ని ఏ డ్రైవర్ నడుపుతోందో కూడా చెబుతుంది. ఆ డ్రైవర్ వరస లేకపోతే చిప్పును ఎవరూ పలకరించలేదని అర్థం. డాంగిళ్లకైతే 'ఎల్ఎస్‌యూఎస్‌బీ'. ఇవి కొట్టారంటే అరగంటలో రోగం తేలిపోతుంది. బోర్డు చదివి బస్సెక్కేవాడికి కండక్టరుతో గొడవ పడే భాగ్యం ఎక్కడిది?

చిట్కా 2: ఉప్పు చూడకుండా వడ్డించండి

లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, డిస్కును ముట్టుకోకుండా వైఫై వస్తోందా, వెలుతురు తగ్గుతోందా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా అని చూసుకునే సదుపాయం ఉంది. పులుసు దించే ముందు అరచేతిలో చుక్క వేసుకుని నాకినట్టన్నమాట. మనకు అక్కర్లేదు. నేరుగా 'డిస్కు మొత్తం తుడిచేయి' అన్నది నొక్కండి. పాప ఫోటోలు, జీతం స్లిప్పులు ఇంకోచోట దాచారా అన్న ప్రశ్న పని మొదలయ్యాకే రావాలి.

విండోస్‌ను కూడా ఉంచుకునేవాళ్లు అందులోని 'ఫాస్ట్ స్టార్టప్' కదపకండి. అది ఉన్నంతకాలం విండోస్ ఆపేసినా పూర్తిగా ఆగదు, ఒక కన్ను తెరిచి పడుకుంటుంది. దాని డిస్కు భాగంలోకి లినక్స్ రాయలేకపోతుంది. కొన్ని యంత్రాల్లో వైఫై చిప్పు కూడా ఆ కలలోనే ఉండిపోయి లినక్స్ పిలిస్తే పలకదు. నెపం లినక్స్ మీదికే పోతుంది, అదే మనకు కావాల్సింది.

చిట్కా 3: నెట్ రావడానికి నెట్‌లోనే వెతకండి

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతను కంప్యూటర్లలో నిలబెట్టింది వైఫై ఫర్మ్‌వేరే. అది లేనిదే వైఫై రాదు. వైఫై లేనిదే అది దిగదు.

డెబియన్ వాళ్లు ఈ సంప్రదాయాన్ని చాలా ఏళ్లు నిష్ఠగా కాపాడారు. ఫర్మ్‌వేర్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావు కాబట్టి అసలైన ఇన్‌స్టాలర్‌లో వాటికి చోటు ఉండేది కాదు. ఇన్‌స్టాలర్ సగం దారిలో ఆగి, ఫలానా పేరుగల ఫైలు కావాలి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టమని అడిగేది. ఎంత మర్యాదగా అడిగేదో! 2022లో సభ్యులు ఓట్లేసి ఆ నియమాన్ని సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్లు ఇన్‌స్టాలర్‌తోపాటే వస్తున్నాయి. ఒక తరం పడ్డ కష్టం రెండో తరానికి తెలియకుండా పోయింది.

అయినా పాత ఇన్‌స్టాలర్ ఎక్కడో దొరుకుతుంది, వెతికి పట్టుకోండి. ఇక్కడే మిమ్మల్ని గట్టిగా హెచ్చరించాలి. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కు తగిలించి, ఫోను సెట్టింగుల్లో 'యూఎస్‌బీ టెథరింగ్' నొక్కితే, లినక్స్ దాన్ని తీగ నెట్‌వర్క్‌గా గుర్తించి మరుక్షణం నెట్‌లోకి పోతుంది. దానికి డ్రైవర్లు వెతకక్కర్లేదు. ఫోను వైఫైకి కలిసి ఉంటే ఆ వైఫైనే తీగ గుండా అందిస్తుంది. ఆ వైరు ప్రతి ఇంట్లో టీవీ పక్కన వేలాడుతూనే ఉంటుంది. దాని వైపు చూడకండి. మా ఆవిడ ఓసారి ఫోను ఛార్జింగు పెట్టడానికని నా లాప్‌టాప్‌కు గుచ్చి, తెరమీద ఏదో అడిగితే చదివి 'సరే' నొక్కింది. అప్పటికి మూడు రోజులుగా నేను ఎదురింటి నుంచి పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు మోస్తున్నాను. నెట్ వచ్చింది. ఇంట్లో నా పరువు పోయింది.

చిట్కా 4: పాత సలహానే పాటించండి, అన్నీ కలిపి పాటించండి

మందుసీసా మీద గడువు తేదీ చూస్తాం గానీ సలహాకు చూడం. ఇది మన బలం. ఒకప్పుడు ఎన్‌డీఐఎస్‌ర్యాపర్ అనే ఉపాయం ఉండేది. లినక్స్ డ్రైవర్ లేని వైఫై కార్డుకు విండోస్ ఎక్స్‌పీ కాలపు డ్రైవర్‌నే తెచ్చి, దానికి తాను విండోస్‌లోనే ఉన్నానన్న భ్రమ కల్పించి పని చేయించుకునేది. ఆ రోజుల్లో అది ప్రాణదానమే. నిరుడు కొన్న లాప్‌టాప్‌కు ఈ రోజు దాన్ని వాడితే ఎంత సమయం గడుస్తుందో చెప్పలేను.

బ్రాడ్‌కామ్ చిప్పుల చరిత్ర ఈ చిట్కాకు గని. కంపెనీ నోరు విప్పకపోతే, దాని డ్రైవర్ ఏం చేస్తోందో బయటి నుంచి గమనించి, ఒకరు వివరం రాస్తే, ఆ వివరం చూసి ఇంకొకరు కొత్త డ్రైవర్ రాశారు. అది 2006లో కెర్నల్‌లోకి వచ్చింది. దాని తర్వాతిది బీ43. దానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను పంచే హక్కు ఎవరికీ లేదు కాబట్టి, కంపెనీ డ్రైవర్ ఫైలు తెచ్చుకుని అందులోంచి ఫర్మ్‌వేర్ ముక్కను కోసుకోవడానికి 'ఫర్మ్‌వేర్ కట్టర్' అనే కత్తి తయారు చేశారు. కొబ్బరికాయ కొట్టి నీళ్లు ఒంపుకున్నట్టు. 2010 సెప్టెంబరులో కంపెనీయే కొన్ని చిప్పులకు స్వేచ్ఛా డ్రైవర్ విడుదల చేసింది. ఇవి కాక 'డబ్ల్యూఎల్' అనే మూలం చూపించని డ్రైవర్ మరొకటి.

ఏ చిప్పుకు ఏది తగునో పట్టిక చూసి ఒక్కటే ఎంచుకునేవాడు పిరికివాడు. మీరు అన్నీ వేసేయండి. ఒకే చిప్పు కోసం మూడు డ్రైవర్లు కొట్టుకుంటుంటే, ఒకదాన్ని ఆపడానికి బ్లాక్‌లిస్టులో రాయండి, తర్వాత ఏది రాశారో మర్చిపోయి రెండోదాన్నీ రాయండి. ఇప్పుడిక చిప్పును పలకరించే దిక్కు ఉండదు, ప్రశాంతంగా ఉంటుంది.

చిట్కా 5: మీట వైపు చూడొద్దు

కొన్ని పాత లాప్‌టాప్‌లకు పక్కన వేలెడంత మీట ఉంటుంది. కొత్తవాటికి కీబోర్డు మీద విమానం బొమ్మ. 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' అని కొడితే వైఫైని సాఫ్ట్‌వేర్ కట్టేసిందా, మీట కట్టేసిందా అన్నది రెండు వరసల్లో అవును, కాదు అని విడివిడిగా చెబుతుంది. సాఫ్ట్‌వేర్ ముడిని ఒక ఆదేశంతో విప్పొచ్చు. మీట ముడిని వేలితోనే విప్పాలి.

నేను ఒక లాప్‌టాప్‌కు నాలుగు రోజుల్లో మూడు రకాల లినక్స్‌లు వేశాను. అయిదో రోజు మా ఆవిడ బల్ల తుడుస్తూ లాప్‌టాప్ అంచున గుడ్డ పెట్టి గట్టిగా రుద్దింది. వైఫై దీపం వెలిగింది. మూడో లినక్స్ చాలా మంచిదని నేటికీ అందరికీ చెబుతుంటాను.

చిట్కా 6: సిగ్నల్ రాకపోతే రౌటర్‌ను తిట్టండి

ఆడలేక మద్దెల ఓడన్న మాట ఊరికే రాలేదు. రియల్‌టెక్ 8723బీఈ చిప్పున్న కొన్ని లాప్‌టాప్‌లలో ఒక్క యాంటెన్నా తీగే కలిపి ఉంటుంది. చిప్పుకు రెండు కొక్కేలు ఉంటాయి. డ్రైవర్ తీగలేని కొక్కెం దగ్గర చెవి పెట్టి కూర్చుంటుంది. రౌటర్ పక్కన కూర్చుంటే నెట్ వస్తుంది, పడగ్గదిలోకి వెళ్తే పోతుంది. డ్రైవర్‌కు 'యాంట్ సెల్' అన్న ఐచ్ఛికాన్ని 2 అని గానీ 1 అని గానీ చెబితే చెవి మారుస్తుంది. ఒక ఫైల్లో ఒక వరస. మీరు మాత్రం కొత్త రౌటర్ కొనండి.

ఫోనుకు కనిపించే వైఫై పేరు లాప్‌టాప్‌కు అసలు కనిపించకపోతే ఇంకా మంచిది. వైఫై ఏ దేశంలో ఏ ఛానెళ్లు వాడొచ్చో లినక్స్ చూసుకుంటుంది. అది అమెరికాలో ఉన్నాననుకుంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 11 దాటి పోదు. మన రౌటరేమో 13వ ఛానెల్‌లో కూర్చుంటుంది. దేశం పేరు సరిచేయడమో, రౌటర్‌ను 1, 6, 11లలో ఒకదానికి మార్చడమో చేస్తే సరిపోతుంది. అందుకే చేయకండి, రౌటర్‌కు దిష్టి తీయండి.

చివరికి కార్డే మార్చేద్దామనుకుంటే ఒక్క అంకె దగ్గర పొరబడండి. ఇంటెల్ ఏఎక్స్200 మామూలు కార్డు, తగిన సందు ఉంటే ఏఎండీ లాప్‌టాప్‌లోనూ పనిచేస్తుంది. ఏఎక్స్201 సగం కార్డే, మిగతా సగం దానికి తగిన ఇంటెల్ ప్రాసెసరు వైపు ఉంటుంది. చూడ్డానికి అవి కవలపిల్లలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి, చీటీ మీద 'రెండు వందల చిల్లర' అని రాసుకెళ్లి అడగండి.

చిట్కా 7: చిటికెడు అల్లానికి వెట్ గ్రైండర్

ఇక గ్రాఫిక్స్. చాలా లాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటాయి. ప్రాసెసరులోనే ఉన్న చిన్నది రోజువారీ వంట చేస్తుంది. ఆటలకు, వీడియో పనికి పెద్దది. ఎన్విడియా 2010లో ఈ ఏర్పాటుకు ఆప్టిమస్ అని పేరు పెట్టింది. తెర చిన్న చిప్పు చేతిలోనే ఉంటుంది. పెద్దది వెనక గదిలో వండి గిన్నె అందిస్తే, చిన్నది వడ్డిస్తుంది. విండోస్‌లో ఈ పంపకం చక్కగా సాగింది. లినక్స్‌లో మొదట్లో ఈ ఇద్దరికీ మాటల్లేవు.

2011లో బంబుల్‌బీ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు ఆ రాయబారానికి దిగింది. దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టు మన విద్యకు శిఖరం. పాత డ్రైవర్ తాలూకు ఒక లోతైన ఫోల్డరును తీసేయమని రాయబోయి, 'స్లాష్ యూఎస్ఆర్' తర్వాత ఒక్క ఖాళీ జాగా వదిలారు. కంప్యూటరు దాన్ని రెండు వేర్వేరు పేర్లుగా చదువుకుంది. మొదటి పేరు 'యూఎస్ఆర్', అంటే లినక్స్‌లోని ప్రోగ్రాములన్నీ కాపురముండే ఇల్లు. నడిపినవాళ్ల ఇల్లు నేలమట్టమైంది. వేలెడు కాదు, వెంట్రుకవాసి ఖాళీ! ఈ కథ వినీ, ఎక్కడో కనిపించిన ఆదేశానికి ముందు సర్వాధికారాలిచ్చే 'సుడో' తగిలించి, చదవకుండా అతికించి, ఎంటర్ కొట్టగలిగితే మీరు నా అసలైన శిష్యులు.

లినక్స్‌లో ఆప్టిమస్‌ను గాలికొదిలేసిన ఎన్విడియా మీద కోపం అందరికీ వచ్చింది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో ఈ సంగతి ఎత్తితే సాక్షాత్తు టోర్వాల్డ్సే కెమెరా వైపు తిరిగి ఎన్విడియాకు మధ్యవేలు చూపించాడు. ఆ తర్వాత పరిస్థితి మెల్లగా మారింది. 2019లో వచ్చిన 435 డ్రైవర్ నుంచి, ఏ ప్రోగ్రాముకు పెద్ద చిప్పు కావాలో దానికి మాత్రమే అప్పగించే వీలు కుదిరింది. 2022 మేలో తన కెర్నల్ మాడ్యూళ్ల మూలాన్ని కూడా ఎన్విడియా బయటపెట్టింది. మన వేలు మాత్రం 2012లోనే ఉండాలి.

ఆచరణకు వస్తే: ఉబుంటులో 'ప్రైమ్ సెలెక్ట్' అని ఉంటుంది, అందులో 'అవసరమైనప్పుడే' అన్న పద్ధతి ఉంటుంది. దాన్ని వదిలి పెద్ద చిప్పు ఎప్పుడూ తిరిగేలా పెట్టండి. ఉత్తరం టైపు చేస్తుంటే వెట్ గ్రైండర్ తిరుగుతున్న మోత వస్తుంది, బ్యాటరీ సినిమా విశ్రాంతి దాకా కూడా నిలవదు. మోత భరించలేకపోతే పెద్దదాన్ని పూర్తిగా చంపేయండి. చాలా లాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ రంధ్రం తీగ పెద్ద చిప్పుకే కలిపి ఉంటుంది. ఆఫీసులో ప్రొజెక్టర్ ముందు నలుగురూ కూర్చున్నాక ఆ సంగతి తెలియడంలో ఉన్న మజా వేరు.

చిట్కా 8: డ్రైవర్‌ను అంగడిలో కాక తోటలోనే కొనండి

ఉబుంటు లాంటివి తమ కెర్నల్‌కు సరిపడేలా కట్టిన డ్రైవర్ పొట్లాలు తామే ఇస్తాయి. ఉబుంటులోనైతే 'అదనపు డ్రైవర్లు' అన్న కిటికీ తెరిచి, 'సిఫారసు చేసినది' అని పక్కన రాసి ఉన్నది నొక్కితే చాలు. మరీ ఇంత తేలికైన పనికి ఇంత చదువు చదివామా? ఎన్విడియా సైటుకు వెళ్లి 'డాట్ రన్' ఫైలు దించండి. అది ఎవరినీ అడక్కుండా లోపల సర్దుకుంటుంది. ఆ రోజుకు పనిచేస్తుంది కూడా. మళ్లీ కెర్నల్ అప్‌డేట్ వచ్చిన రోజు చూడండి తమాషా.

కెర్నల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్‌ను దానికి సరిపడేలా మళ్లీ కుట్టాలి. ఆ పని తనంతట తాను చేసే దర్జీ పేరు డీకేఎంఎస్. దర్జీకి కొలతలు కావాలి, వాటిని కెర్నల్ హెడర్లంటారు. హెడర్లు లేకపోతే దర్జీ ఊరుకుంటాడు. పాత చొక్కా కొత్త ఒంటికి ఎక్కదు, తెర నల్లబడుతుంది. కాబట్టి డిస్కులో చోటు మిగుల్చుకునే మిషతో ముందుగా హెడర్లనే తీసేయండి.

ఆప్టిమస్ లాప్‌టాప్‌లో 'ఎన్విడియా ఎక్స్‌కాన్ఫిగ్' అన్న ఆదేశం కూడా నడపండి. తెర లేని పెద్ద చిప్పుకే తెర బాధ్యత అప్పగిస్తూ ఒక ఫైలు రాసి పెడుతుంది. దాన్ని చెరిపేస్తే మళ్లీ బొమ్మ రావొచ్చన్న మాట పొరపాటున కూడా ఎవరికీ చెప్పకండి.

చిట్కా 9: నీలం తెర వస్తే కళ్లు మూసుకోండి

సెక్యూర్ బూట్ అంటే గుమ్మం దగ్గర కాపలా. సంతకం లేని డ్రైవర్ మాడ్యూల్‌ను కెర్నల్‌లోకి రానివ్వదు. మనింట్లో కుట్టిన డ్రైవర్‌కు మన సంతకమే పెట్టుకోవచ్చు, కానీ ఆ సంతకం మనదేనని కాపలావాడికి ఒక్కసారి చూపించాలి. అందుకని డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర మీద మెనూ వస్తుంది. అందులో 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని, ఆ పాస్‌వర్డే కొట్టాలి. పది సెకన్లలో ఏ మీటా నొక్కకపోతే కాపలావాడు విసుగెత్తి వెళ్లిపోతాడు.

నన్ను పాస్‌వర్డ్ అడిగినప్పుడు "ఏమోయ్, ఏదో ఒక నంబరు చెప్పు" అని వంటింట్లోకి కేకేశాను. ఆమె చెప్పింది, నేను కొట్టాను, మర్చిపోయాను. నీలం తెర వచ్చింది. "ఏమండీ, అక్కడేదో రాసుంది" అన్న మాట పూర్తయ్యేలోగా మొదటి వరసలో ఉన్న 'కంటిన్యూ' నొక్కేశాను. డ్రైవర్ గుమ్మం బయటే నిలబడిపోయింది. ఆ తర్వాత దాన్ని నాలుగుసార్లు తీసి వేశాను. నాలుగుసార్లూ నీలం తెర వచ్చింది, నాలుగుసార్లూ కంటిన్యూ. నియమం అంటే నియమమే.

చిట్కా 10: నల్ల తెరకు ఒకటే మందు

తెర నల్లబడితే పవర్ బటన్ అదిమిపట్టి గొంతు నులిమినట్టు ఆపేయండి. వెంటనే పెన్‌డ్రైవ్ తీసి మొత్తం మళ్లీ వేయండి. నల్ల తెర వెనక లినక్స్ తరచూ బతికే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర ఒకటి తెరుచుకుని లాగిన్ అడగొచ్చు. మొదట వచ్చే గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోపల నిన్నటిదాకా పనిచేసిన పాత కెర్నల్ ఇంకా ఉంటుంది. ఇవన్నీ తెలిసినా తెలియనట్టు ఉండాలి.

'నోమోడ్‌సెట్' అన్న మాట ఒకటుంది. గ్రబ్‌లో కెర్నల్ వరస చివర దాన్ని చేరిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ పక్కకు తప్పుకుని, మామూలు బొమ్మ వస్తుంది. లోపలికి వెళ్లి సరైన డ్రైవర్ వేసుకునేదాకా కాలికి కట్టే పట్టీ లాంటిది. మీరు ఆ పట్టీతోనే కాపురం చేయండి. తెర మీది ప్రతి చుక్కనూ పాపం ప్రాసెసరే గీస్తుంది, ఫ్యాను ఊళ వేస్తుంది, వెలుతురు తగ్గదు, పెరగదు. ఎవరైనా వచ్చి "లినక్స్ ఇంత నెమ్మదా?" అని అడిగితే, అవునని బరువుగా తల ఊపండి.

చిట్కా 11: ఏం చేశారో రాసిపెట్టకండి

ఇది అన్నింటికంటే పెద్దది, చివరికి నన్ను దెబ్బ తీసింది కూడా ఇదే. ఒకసారికి ఒకటి మార్చి, ఏం జరిగిందో చూసి, కాగితం మీద ఒక ముక్క రాసుకునేవాడు మన విద్యకు ద్రోహి. ఒకే రాత్రి ఆరు మార్చాలి. పొద్దున్నకు పనిచేస్తే దేనివల్లో తెలియకూడదు. మళ్లీ చెడితే మొదటి నుంచి రావాలి.

నేను అలాగే చేశాను. క్రితం కార్తీకంలో ఒక తెల్లవారుజామున తెర వెలిగింది, వైఫై వచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలియదు. రెండు వారాలకు కెర్నల్ అప్‌డేట్ వచ్చి తెర మళ్లీ నల్లబడింది. నేను నిబ్బరంగా పెన్‌డ్రైవ్ వెతకడానికి అటక ఎక్కాను. దిగేసరికి మా ఆవిడ లాప్‌టాప్ ముందు కూర్చుని, మెడ తిప్పి గోడ క్యాలెండరు చూస్తూ ఏవో మీటలు నొక్కుతోంది.

ఆ నెల గళ్లలో 'పాలు లీటరున్నర' కింద, సన్నటి అక్షరాల్లో ఉంది: 'నెట్ రాకపోతే ఫోను వైరు. అదనపు డ్రైవర్లలో సిఫారసు చేసినది. నీలం తెరలో కంటిన్యూ కాదు, ఎన్‌రోల్. పాస్‌వర్డ్ పాలవాడి నంబరు. నల్లబడితే పాత కెర్నల్ ఎక్కి, హెడర్లు వేయాలి.' ఇన్నాళ్లూ నా వెనక నిలబడి ఆమె చేసింది అదన్నమాట. నేను మూసేస్తున్న ప్రతి తెరనూ చదివింది. ఆ తెల్లవారుజామున నేను కునుకు తీస్తే నీలం తెరలో సరైన వరస నొక్కింది కూడా తనే.

కుక్కర్ మూడో విజిల్ వేసేలోగా బొమ్మ వచ్చింది. "చదివానండీ, అంతే" అని లేచి వెళ్లి స్టవ్ ఆపింది.

ఇప్పుడు కాలనీ పిల్లలు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి, తలుపు తీసిన నన్ను చూసి, "ఆంటీ ఉన్నారా అంకుల్?" అని అడుగుతున్నారు. పదిహేనేళ్ల విద్య, గుమ్మం దాటి లోపలికి పోకుండా అయిపోయింది. ఈ గతి మీకు పట్టకూడదు. లినక్స్ వేయడం మొదలెట్టే ముందు, అన్నిటికన్నా ముందు, గోడ మీది క్యాలెండరు తీసేయండి.

నేనూ తీసేద్దామనే మేకు దాకా వెళ్లాను. గ్యాస్ ఎప్పుడు బుక్ చేశామో అందులోనే ఉంది.